ఎడమచేతి కుట్టు

"నేర్పను. అల్లను. అల్లినట్టు నాటకం కూడా ఆడను" అంది జయంతి.

అమ్మణ్ణి చెయ్యి ఇంకా ఫోను మీదే ఉంది. బాలానగర్ నుంచి పుణ్యవతి చేసిన ఫోను పెట్టేసి రెండు నిమిషాలైనా కాలేదు. రేపు ఆదివారం నాలుగింటికి పెళ్ళికొడుకు తల్లి తనే బయల్దేరి వస్తోంది. వట్టి చేతులతో కాదు, ఊలు ఉండలూ అల్లిక సూదులూ సంచిలో వేసుకుని మరీ వస్తోంది. కాబోయే కోడలి పక్కన కూర్చుని, రెండేళ్ళు నిండబోతున్న మనవడికి ఇంకో స్వెటర్ మొదలుపెట్టిస్తుందట.

ఆ కాబోయే కోడలు రసజ్ఞకు ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా రాదు.

"ఒక పూట దాన్ని కూర్చోబెట్టుకుని నాలుగు వరసలు నేర్పితే నీ సొమ్మేం పోయింది?" అంది అమ్మణ్ణి.

"పోవాల్సింది పోయిన ఆదివారమే పోయింది అత్తయ్యగారూ."

పోయిన ఆదివారం పెళ్ళికొడుకు శ్యామ్ వాళ్ళు పెళ్ళిచూపులకి వచ్చారు. జయంతి వంటింట్లో బజ్జీలు వేయిస్తోంది. ముందు గదిలోంచి అత్తగారి గొంతు తేనెలో ముంచినట్టు వినబడింది. గోడ మీద పటం మా రసజ్ఞ కుట్టిందేనండీ, ఆఫీసు నుంచి వచ్చాక ఖాళీగా కూర్చోదండీ, స్వెటర్లు కూడా అల్లుతుందండీ. ఆ తరవాత జయంతి గదిలో ట్రంకుపెట్టె మూత తెరుచుకున్న చప్పుడు. పుణ్యవతి ఒళ్ళో ఉన్న మనవడికి పసుపుపచ్చ స్వెటర్ తొడిగేశారు. పిల్లవాడికి అతికినట్టు సరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

బజ్జీలు మాడాయి. అందుకు జయంతికి చీవాట్లు పడ్డాయి.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ రోజు జయంతి నోరు మెదపలేదు. వచ్చినవాళ్ళ ముందు రచ్చ ఎందుకని మింగింది. మింగినది ఆరు రోజులుగా గొంతులోనే ఉండి మండుతోంది.

"ఏదో మాట వరసకి అన్నాను" అంది అమ్మణ్ణి. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు."

"వెయ్యీ మీరే ఆడండి. నా చేతులతో ఆడించకండి."

"ఎంత మాటన్నావు."

"ఆ పసుపు స్వెటర్ కింద ఇంటివాళ్ళ మనవరాలు చిన్ను కోసం అల్లింది. కిష్టమ్మగారికి మాటిచ్చాను. నా పెట్టె తెరిచే ముందు నన్నొక్క మాట అడిగారా?"

"అడగడానికి నువ్వేమైనా పరాయిదానివా?"

జయంతికి నవ్వొచ్చింది. వస్తువు తీసుకునేటప్పుడు మాత్రం మనిషి పరాయిది కాదు. ఆ వస్తువు ఎవరు చేశారని చెప్పేటప్పుడు మనిషే లేదు.

మామగారు పార్థసారథిగారు రెవెన్యూలో రిటైరయ్యాక ఇంటి తగాదాల్లో తీర్పులు చెప్పడం కూడా మానేశారు. పేపరు పేజీ తిప్పి, "కాఫీ ఇంకో చుక్క ఉందా?" అన్నారు.

వెంకట్ స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. మాటలన్నీ బాత్‌రూములోకి వినబడే ఉంటాయి. అయినా ఇప్పుడే విన్నట్టు మొహం పెట్టాడు.

"జయా, ఒక్క రోజు సర్దుకో. చెల్లాయి పెళ్ళి కదా."

"కిందటేడు మీరు వేసిన సబ్‌స్టేషన్ ప్లాను మీద ఇంకో ఇంజినీరు పేరు పెట్టారని మీరు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గుర్తుందా?"

"అది ఆఫీసు."

"మరి ఇది?"

వెంకట్ తువ్వాలు దండెం మీద వేశాడు. మళ్ళీ తీసి సరిగ్గా వేశాడు. ఇది ఏమిటో అతనికి తెలిసినట్టు లేదు.

"ఊలు అల్లుకోవడం ఒక హాబీ జయా. దాని కోసం సంబంధం చెడగొడతామా?"

ఆ మాటకి జయంతి ఒళ్ళు భగ్గుమంది. కాకినాడ కాన్వెంటులో ఆరో తరగతి చదివేటప్పటి నుంచి ఆమెకి తెలిసిన పని అది. ఎడమ చేత్తో రాస్తే బెత్తం దెబ్బలు పడే రోజుల్లో, చేతిపనుల క్లాసు చెప్పే సిస్టర్ ఒక్కతే ఆ చేతిని తిట్టలేదు. పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు చూసి చెయ్యి అంది. అలా వచ్చింది ఆ విద్య. కాకినాడ ఎండల్లో స్వెటర్ ఎవడు వేసుకుంటాడని ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వనిచ్చింది.

పెళ్ళయి వచ్చిన మూడో రోజున ఎడమ చేత్తో పప్పు గరిటె పట్టుకుంది. అమ్మణ్ణి విస్తరి ముందు నుంచి లేచిపోయింది. పుర్రచేత్తో వడ్డిస్తే ఇంట్లో లక్ష్మి నిలవదంది. ఆ రోజు నుంచి వడ్డన కుడి చేత్తో, దీపం కుడి చేత్తో, పాలవాడికి గిన్నె అందించడం కూడా కుడి చేత్తోనే. సూదులు పట్టుకున్నప్పుడు మాత్రం ఎడమ చెయ్యి తన రాజ్యం తను ఏలుకునేది. అది కదులుతుంటే చూడడం అమ్మణ్ణికి చీదర. జయంతి అల్లుకుంటూ కూర్చుంటే మొహం తిప్పుకుని దాటిపోయేది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పని ఎలా సాగుతుందో నిలబడి చూసిన పాపాన పోలేదు.

"నేను చెడగొట్టను" అంది జయంతి మొగుడితో. "అబద్ధానికి సాయం చెయ్యను, అంతే. రెండింటికీ తేడా తెలియకపోతే నేనేం చెయ్యను."



పదకొండు దాటాక ఇంటి యజమానురాలు కిష్టమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. చేతిలో ఒక కవరు ఉంది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, "జయంతమ్మా, జర ఇటు రా" అని పిలిచింది.

"ఏమైంది కిష్టమ్మగారూ?"

"ఏంది గిది? పొద్దుగాల మీ అత్త కిందికొచ్చింది. రేపు సుట్టాలొస్తరంట. మా చిన్నుకు ఆ ఎర్ర స్వెటర్ తొడగొద్దంట. పొల్లను పైకి కూడా పంపొద్దంట. పోయినేడు నువ్వు అల్లిచ్చిన స్వెటర్ మేమెందుకు దాసుకోవాలె? దొంగతనం జేసి తెచ్చుకున్నమా?"

జయంతి వెనక్కి తిరిగి అత్తగారి గది వైపు చూసింది.

"పసుపుది కూడ ఇస్తనన్నవు. ఇయ్యకపోతే పాయె, దానికి నాకు ఫికర్ లేదు. గని ఉన్నది దాయమంటే నాకు మనసు నొచ్చింది. పొల్లకు చలి పెట్టదా?" కిష్టమ్మ కవరు ఆమె చేతిలో పెట్టింది. "ఇగో, నీ స్వెటర్ నువ్వే ఉంచుకో. మీ సుట్టాలు పోయినంక ఇస్తే తొడుగుత. లేకుంటే లేదు."

"అత్తయ్య అలా అన్నట్టు నాకు తెలియదండీ."

"నీకు తెల్వదని నాకు తెలుసు. అందుకే నీకు చెప్తున్న. పండ్లు పీకిన పాము లెక్క కూసుంటే ఎవ్వరన్నా తొక్కుతరు తల్లీ."

కవరులో స్వెటర్ ఉతికి మడత పెట్టి ఉంది. మోచేతుల దగ్గర ఊలు నలిగింది. ఒక గుండీ మారింది. ఏడాదంతా పిల్ల ఒంటి మీద ఉన్న బట్ట అది. దాన్ని ఒడిలో పెట్టుకుని జయంతి చాలాసేపు కూర్చుంది. తన పేరు చెప్పకపోవడం ఒక ఎత్తు. తన పేరు చెప్పే రెండేళ్ళ పిల్లను కూడా చలిలో నిలబెట్టి నోరు మూయించడం ఇంకో ఎత్తు. ఆరు రోజులుగా ఉన్నది బాధ అనుకుంది. కాదు, అది కోపమే. శుద్ధమైన, సాక్షాత్తు కోపం.

శనివారం ఒంటిపూట ఆఫీసు. కొత్త అద్దాల టవరు నుంచి ఎర్రమట్టి రోడ్డు మీద నడుచుకుంటూ మధ్యాహ్నం రెండింటికి రసజ్ఞ ఇల్లు చేరింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడకుండా పాత ప్రోగ్రాములు సరిచేసే ఉద్యోగం ఆమెది. మెళ్ళో కార్డు తియ్యకుండానే డాబా మీదికి వచ్చింది. జయంతి పిట్టగోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వెనకాల గుట్ట మీద ఎక్కడో రాయి పేలింది. పిట్టలు లేచాయి.

"అమ్మ చెప్పింది" అంది రసజ్ఞ. "నువ్వు నేర్పనన్నావట."

"అన్నాను."

"నా మీద కోపమా వదినా?"

"మీ అమ్మ మీద ఉన్నంత ఉంది. నిజం చెప్పాలంటే ఇంకొంచెం ఎక్కువే ఉంది. ఆవిడ అబద్ధం ఆడింది. నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు. నోరు లేదా నీకు?"

రసజ్ఞ మెళ్ళో కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"నేను ఏడాది కుట్టాను ఆ పటం" అంది జయంతి. "ఇదిగో, ఈ గుట్టే. ఇక్కడే కూర్చుని, గ్రాఫు కాగితం మీద గడి గడీ గుర్తు పెట్టుకుని కుట్టాను. పైనున్న పెద్ద బండ ఇప్పుడు లేదు, పేల్చేశారు. నా పటంలో ఉంది. నువ్వు రోజూ ఆ దారినే ఆఫీసుకి వెళ్తావు. ఆ బండ ఏ రంగులో ఉండేదో చెప్పు."

"నల్లగా."

"పొద్దున గులాబీ రంగు. మధ్యాహ్నం బూడిద. సాయంత్రం తేనె రంగు. పదకొండు రంగుల దారాలు వాడాను."

రసజ్ఞ వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మ అనగానే కాదందామనుకున్నాను. అంతలో శ్యామ్ నవ్వాడు వదినా. నాకు గుండీ కుట్టుకోవడం కూడా రాదండీ, మీకు ఇంత పని వచ్చా అన్నాడు. అలా చూసి నన్నెవరూ మెచ్చుకోలేదు. నాక్కూడా రాదని చెప్పబుద్ధి కాలేదు."

"చెప్పి ఉంటే ఇద్దరూ సరిపోయేవారు" అంది జయంతి విసురుగా. రసజ్ఞ ఏడుపూ నవ్వూ కాని చప్పుడు చేసింది.

"నాకతను నచ్చాడు. అబద్ధమని తెలిస్తే వాళ్ళు వద్దంటారని భయంగా ఉంది."

"రేపు సూదులు చేతికిస్తే ఎలాగూ తెలుస్తుంది. తెలియడం వేరు, నువ్వు చెప్పడం వేరు."

కింద కిష్టమ్మ మనవరాలిని అన్నానికి పిలుస్తోంది.

"రేపు నేనే చెప్తాను" అంది రసజ్ఞ. "ఆవిడ వచ్చి కూర్చోగానే చెప్పేస్తాను. ఒట్టు." వదిన ఎడమ చేతిని తన రెండు చేతులతోనూ పట్టుకుంది. ఈ ఇంట్లో ఆ చేతిని పట్టుకున్న మనిషి అంతవరకూ ఆ పిల్ల ఒక్కతే. జయంతి నమ్మింది. పొయ్యి మీంచి దించిన పాలలా పొంగు చల్లారింది. ఆ రాత్రి అందరికీ మామూలుగానే అన్నం వడ్డించింది.

ఆదివారం నాలుగు కాకముందే పుణ్యవతిని కొడుకు స్కూటర్ మీద దింపి వెళ్ళాడు. నేత చీర, ముక్కు మీద కళ్ళజోడు, చంకలో గుడ్డ సంచి. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి. పైపై మర్యాదలు ఆవిడకి పట్టవు. "కాఫీ తరవాత తాగుదాం వదినగారూ, ముందు అమ్మాయిని పిలవండి" అంది.

"కాఫీ ఇచ్చేసి నువ్వు లోపలే ఉండు" అని అమ్మణ్ణి కోడలికి పొద్దున్నే చెప్పింది. జయంతి వంటింట్లో డికాక్షను దించుతూ చెవులు ముందు గదిలో పెట్టింది. రసజ్ఞ అడుగులు వినబడ్డాయి. ఇప్పుడు చెప్తుంది అనుకుంది.

"అయ్యో, ఆ వేలికేమైందమ్మా?" అంది పుణ్యవతి గొంతు.

జయంతి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఏం చెప్పమంటారండీ" అంది అమ్మణ్ణి. "పొద్దున వంకాయలు తరుగుతూ వేలు కోసుకుంది. ఇంత లోతు తెగింది. మీరొస్తున్నారు, అల్లాలి అని ఒకటే బాధ. వారం దాకా సూది పట్టుకోవద్దన్నారు డాక్టరు."

గుమ్మం పక్కకి వచ్చి చూసింది జయంతి. రసజ్ఞ కుడిచేతి చూపుడు వేలికి తెల్ల గుడ్డతో ఇంత కట్టు. పొద్దున వంకాయలు తరిగింది జయంతే. రసజ్ఞ ఆ వేపే రాలేదు. అబద్ధాల లెక్క వెయ్యిన్నొకటికి చేరింది. ఆ వేలు చాపి కట్టు కట్టించుకున్నది మాత్రం రసజ్ఞే.

రసజ్ఞ తలెత్తి గుమ్మం వైపు చూసింది. వెంటనే కళ్ళు దించేసుకుంది. ఆ దించుకోవడం చూశాక జయంతికి నిన్నటి ఒట్టు గుర్తుకొచ్చి, ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

పుణ్యవతి మాత్రం బెంగపడలేదు. సంచిలోంచి నీలం ఊలు ఉండ, రెండు సూదులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దానికేముందమ్మా. తెగింది కుడి వేలేగా. నువ్వు అల్లేది ఎడమ చేత్తో కదా? నెమ్మదిగా కుట్లు ఎక్కించు, నేను పక్కన సాయం పడతాను."

పార్థసారథిగారి పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఎడమ చెయ్యేమిటండీ?" అంది అమ్మణ్ణి.

పుణ్యవతి లేచి గోడ మీది పటం దించింది. కూర్చుని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో అద్దం తుడిచింది. "ఇదిగో చూడండి వదినగారూ. క్రాస్ స్టిచ్ అంటే వరసగా ఇంటూ గుర్తులే కదా. నేను కుడి చేత్తో కుడతాను, ఇంటూలో మీద పడే పైపోగు నాకు ఎప్పుడూ ఇటు వాలుతుంది. ఈ గుట్టంతా వెతకండి, ఒక్క కుట్టు కూడా ఇటు లేదు. ప్రతి పైపోగూ అటే. మొన్న మీరిచ్చిన స్వెటర్ ఇంటికెళ్ళి తిరగేసి చూశాను. చంక దగ్గర తగ్గించిన కుట్లు కూడా ఎదురు వాటమే. మా క్వార్టర్స్‌లో నాకు అల్లిక నేర్పిన పంజాబీ ఆవిడది ఎడమచేతి వాటం. ఆవిడ పని అచ్చం ఇలాగే ఉండేది. ఇంత సమంగా కుట్టే చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. అందుకే పనిగట్టుకుని వచ్చాను."

జయంతి ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. తన చేతి గురించి ఈ గోడల మధ్య ఎవరైనా మంచి మాట అనడం ఆరేళ్ళలో ఇదే మొదలు. ఆ మాట రసజ్ఞకు చెందుతోంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. దారి ఆవిడే తీసింది. రసజ్ఞ వేలి కట్టు సర్దుకుంది.

ఈ లోపల అమ్మణ్ణికి ఒక్కటే అర్థమైంది. తన కూతురిని పుర్రచేతి పిల్ల అంటున్నారు. సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని రెండు చేతులూ జోడించినంత పని చేసింది.

"మీరు పొరబడ్డారండీ. మా అమ్మాయి శుభ్రంగా కుడి చెయ్యి. రాతా, కుట్టూ, వడ్డనా అన్నీ కుడి చేత్తోనే. పుర్రచెయ్యన్నది మా ఇంటా వంటా లేదండీ. నా ఇంట్లో అలాంటి చెయ్యి గడప తొక్కనివ్వను."

వెంకట్ కుర్చీలో కదిలాడు. భార్య వైపు చూశాడు. వద్దు అన్నట్టు తల కొద్దిగా ఆడించాడు.

అది చూసింది జయంతి. చూసి, ముందు గదిలోకి నడిచింది.

ట్రే కుడి చేతిలోకి మార్చుకుంది. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసు ఒకటి ఎడమ చేత్తో తీసింది. పుణ్యవతి ముందుకి చాపింది.

"తీసుకోండి" అంది.

అమ్మణ్ణి కూర్చున్న చోటి నుంచి సగం లేచింది. వియ్యపురాలికి ఎడమ చేత్తో కాఫీ. అలాంటిది ఈ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. జరగదని ఇప్పుడే చెప్పింది కూడా.

పుణ్యవతి గ్లాసు అందుకోలేదు. ఆ చేతినే చూసింది. చూపుడు వేలి చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన చర్మాన్ని చూసింది. ఒళ్ళో ఉన్న పటాన్ని చూసింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు, కోపం పైకి రాలేదు. గ్లాసు కాలుతోంది. జయంతి చెయ్యి మార్చలేదు.

పటాన్ని పక్కన పెట్టి, పుణ్యవతి నెమ్మదిగా రసజ్ఞ వైపు తిరిగింది.

"మీ అమ్మని అడగను. మీ వదినని అడగను" అంది. "పెళ్ళి నీది కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఆ కట్టు విప్పు తల్లీ. విప్పి చెప్పు, ఈ చెయ్యి ఎవరిది?"

రసజ్ఞ రెండో చెయ్యి కట్టు మీదికి వెళ్ళింది. ముడి దగ్గర ఆగింది.